జిల్లా వచ్చింది.. జాగ దూరమైంది

తెలంగాణ ప్రభుత్వ ఇందిరమ్మ ఇళ్ల పథకం దరఖాస్తుదారులను అధికారులు మూడు జాబితాలుగా విడదీశారు. సొంత జాగ ఉండి, పక్కా ఇల్లు లేనివాళ్లు ఎల్-1. జాగ లేక, ఇల్లూ లేనివాళ్లు ఎల్-2. మిగిలినవాళ్లు ఎల్-3. ఐదు లక్షల రూపాయల సాయం మొదట ఎల్-1 వాళ్లకే మొదలైంది. బేస్‌మెంట్ లేస్తే ఒక విడత, గోడలు లేస్తే మరో విడత, స్లాబు పడితే ఇంకో విడత, ఇల్లు పూర్తయితే చివరిది. ఎల్-2లో పేరున్న మనిషికి ముగ్గు పోయడానికి నేల లేదు కాబట్టి మొదటి విడత దాకా కూడా రాలేడు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల్లో ఇవాళ్టి ఇంటి సమస్య అంతా ఈ ఎల్-2 అనే రెండక్షరాల్లో ఉంది. ఇటుకకు, సిమెంటుకు, మేస్త్రీకి డబ్బు ఎలాగో సమకూరుతుంది. చిట్టీ ఎత్తుకుంటారు, డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంటారు, ఇంట్లో ఉన్న తులం బంగారం కుదువ పెడతారు. గజం జాగ మాత్రం చేతికి అందడం లేదు. పదేళ్ల కింద ఈ ఊళ్లలో కూలి చేసుకునేవాడు కూడా కిందా మీదా పడి అరవై గజాలు కొనుక్కోగలిగేవాడు. అప్పటికీ ఇప్పటికీ మధ్య జరిగిన పెద్ద మార్పు ఒకటే. ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి.

2016 అక్టోబరు 11. దసరా రోజు. తెలంగాణలోని పది జిల్లాలు ఒక్కసారిగా ముప్పై ఒకటయ్యాయి. ఉమ్మడి వరంగల్ ఐదు ముక్కలైంది: వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. ఆగస్టులో వెలువడిన ముసాయిదాలో జనగామ పేరు లేదు. బంద్‌లు, రాస్తారోకోలు, దీక్షలతో ఊరు ఊరంతా రోడ్డు మీదికి వచ్చింది. చివరికి గద్వాల, సిరిసిల్ల, ఆసిఫాబాద్‌తో పాటు జనగామనూ జాబితాలో చేర్చారు. ఆ పోరాటంలో హమాలీలు, ఆటో డ్రైవర్లు, చిరువ్యాపారులు, విద్యార్థులు ఉన్నారు. జిల్లా వస్తే ఆఫీసులు వస్తాయని, పిల్లలకు కొలువులు వస్తాయని, ఆస్పత్రికి వరంగల్ పరుగెత్తే బాధ తప్పుతుందని ఆశపడ్డారు. ఆ ఆశ తప్పేమీ కాదు, చాలామటుకు నెరవేరింది కూడా. జనగామ కొత్త కలెక్టరేట్ 2022 ఫిబ్రవరిలో, మహబూబాబాద్‌ది 2023 జనవరిలో మొదలయ్యాయి. మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లికి 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆఫీసులు వచ్చిన చోటికి వెంచర్లూ వచ్చాయి. జిల్లా కోసం కొట్లాడినవాళ్లలో ఎంతోమంది అదే ఊళ్లో కిరాయి ఇంట్లోనే ఉండిపోయారు.

ఎకరం ఎన్ని గజాలు?

గజం లెక్క తెలియకపోతే ఈ ధరల కథ అర్థం కాదు. ఎకరానికి నలభై గుంటలు, గుంటకు 121 గజాలు, అంటే ఎకరం 4,840 గజాలు. లేఅవుట్ వేస్తే అందులో పది శాతం ఖాళీ స్థలంగా వదలాలి. రోడ్లకు సుమారు ముప్పై శాతం పోతుంది. అమ్మకానికి మిగిలేది దాదాపు 2,900 గజాలు. లెక్క కోసం అనుకుందాం: రైతుకు ఎకరానికి అరవై లక్షలు ముట్టింది. గజానికి అసలు భూమి ఖర్చు రెండు వేల పైచిలుకు పడుతుంది. దానిమీద నాలా (వ్యవసాయేతర భూమిగా) మార్పిడి, అనుమతులు, మట్టి రోడ్డు, కరెంటు స్తంభాలు, బ్రోకరు కమీషను, వడ్డీ. మొదటి కొనుగోలుదారు చేతికి వచ్చేసరికి అది మూడింతలైతే ఆశ్చర్యపడేవాళ్లు లేరు. అసలు పెరుగుదల ఆ తర్వాత మొదలవుతుంది. మొదట కొన్నవాడు ఇల్లు కట్టడు, ఏడాది ఆగి ఇంకొకరికి అమ్ముతాడు. రెండోవాడు మూడోవాడికి అమ్ముతాడు. ఎన్నో ప్లాట్లు రిజిస్ట్రేషన్ ఆఫీసు గడప తొక్కకుండానే, బయానా కాగితం మీదే చేతులు మారతాయి. నాలుగు చేతులు మారిన జాగ మీద ఒక్క ఇటుక పడదు. ధర మాత్రం నాలుగు మెట్లెక్కి కూర్చుంటుంది.

ఇప్పుడు జీతం లెక్క చూద్దాం. 2021 వేతన సవరణలో రాష్ట్ర ప్రభుత్వం ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు సిబ్బందికి మూడు మెట్ల వేతనం ఖరారు చేసింది: 15,600, 19,500, 22,750 రూపాయలు. కలెక్టరేట్‌లో అటెండరుగానో, ఆస్పత్రిలో వార్డు పనికో కుదిరినవాళ్లకు అట్టడుగు మెట్టే దక్కుతుంది. గజం పది వేలు అనుకుంటే నూట యాభై గజాల జాగ పదిహేను లక్షలవుతుంది. నెలకు 15,600 జీతం. తిండి, బట్ట, పిల్లల ఫీజు అన్నీ మానేసి మొత్తం జీతం దాచిపెట్టినా 96 నెలలు, అంటే ఎనిమిదేళ్లు కావాలి. ఇల్లు కట్టుకోవడం ఆ తర్వాతి మాట. జిల్లా ఆఫీసుల్లో కుర్చీలు తుడిచి, ఫైళ్లు మోసి, మంచినీళ్లు పోసే మనిషికి జిల్లా కేంద్రంలో జాగ కొనే తాకతు లేదు.

బ్యాంకు అప్పు దారి ఉంది కదా అంటారు. అక్కడొక చిక్కుముడి ఉంది, దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. తెలంగాణలో ప్రభుత్వ మార్కెట్ విలువలను 2013 తర్వాత 2021 జులై దాకా ముట్టుకోలేదు. 2022 ఫిబ్రవరిలో మరోసారి పెంచారు. రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం కలిపి విలువలో ఏడున్నర శాతం. బయట నడిచే రేటుకు, దస్తావేజులో రాసే రేటుకు మధ్య తేడా చాలా చోట్ల రెండింతలు, మూడింతలు. బ్యాంకు అప్పు ఇచ్చేది కాగితం మీది విలువను చూసి. మిగతాది రొక్కంగా కట్టాలి. నల్లడబ్బు దగ్గరున్నవాడికి ఈ పద్ధతి అనుకూలం. నెల జీతం మీద బతికేవాడికి, తెల్ల డబ్బు తప్ప ఇంకోటి తెలియని టీచరుకు, నర్సుకు ఇది తలుపు మూసేస్తుంది. కొనే శక్తి ఎవరికి ఉందో ముందే తేల్చేసే పద్ధతి ఇది.

హైదరాబాద్ నీడలో జనగామ

మూడింటిలో జనగామ కథ వేరు. హైదరాబాద్‌కు ఎనభై ఐదు కిలోమీటర్ల దూరం. ఇటు కాజీపేట-సికింద్రాబాద్ రైలు మార్గం, అటు 163 నంబరు జాతీయ రహదారి. యాదాద్రి ఆలయ పునర్నిర్మాణం మొదలయ్యాక భువనగిరి నుంచి ఆలేరు మీదుగా వచ్చిన భూముల వేడి జనగామ దాకా పాకింది. రోడ్డు నాలుగు వరుసలై ప్రయాణం తగ్గేసరికి, ఉప్పల్‌లో ఇల్లు కొనలేనివాడు ఘట్‌కేసర్, అక్కడ కొనలేనివాడు బీబీనగర్, అక్కడా కుదరకపోతే జనగామ వైపు చూడటం మొదలుపెట్టాడు. వాళ్లలో ఇల్లు కట్టుకుని ఉండాలనుకున్నవాళ్లు కొద్దిమందే. పిల్ల పెళ్లికి పనికొస్తుందని, రేటు పెరుగుతుందని కొని వదిలేసినవాళ్లే ఎక్కువ. విదేశాల్లో ఉద్యోగం చేసే పిల్లలు పంపిన డబ్బు కూడా ఇక్కడి నేలలోకే దిగింది.

ఒకప్పుడు జనగామ అంటే కరువు నేల. బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో చెప్పలేని చోట ఎకరం అమ్ముదామన్నా కొనేవాడు దొరికేవాడు కాదు. దేవాదుల ఎత్తిపోతల నీళ్లతో చెరువులు నిండి సాగు మెరుగైన కాలంలోనే వెంచర్ల కాలమూ వచ్చిపడింది. దుక్కి దున్నాలా, ప్లాట్లు చేయాలా అన్న ప్రశ్న రైతు ముందు నిలిచింది. అప్పులున్న రైతు అమ్మేశాడు. అమ్మగా వచ్చిన డబ్బుతో ఇంకాస్త దూరంలో మరింత భూమి కొన్నవాడు బాగుపడ్డాడు. ఇల్లు కట్టి, కారు కొని, పెళ్లిళ్లు చేసినవాడు ఐదేళ్లలో తను అమ్మిన భూమి పక్కనే కూలికి పోతున్నాడు. ఈ జిల్లాలో ఇలాంటి కుటుంబాలు లేని ఊరు అరుదు.

ఈ నేలకున్న చరిత్రను తలచుకుంటే బాధ రెట్టింపవుతుంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వనని నిలబడింది ఇక్కడే. 1946 జులై 4న దొడ్డి కొమురయ్య తూటాకు బలైన కడవెండి ఈ జిల్లాలోదే. ఆనాడు నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకా భూమి కోసం ప్రాణాలిచ్చింది. ఎనిమిది దశాబ్దాలు గడిచాక అదే తాలూకా కేంద్రంలో కూలి మనిషికి వంద గజాలు దక్కకపోవడం మనందరికీ తగలాల్సిన విషయం.

జనగామ చుట్టూ ఈమధ్య కనిపించే ఇంకో సరుకు ఫామ్‌ల్యాండ్. గుంటల చొప్పున, నాలుగు శ్రీగంధం మొక్కలు నాటి అమ్ముతారు. అది కాగితాల్లో వ్యవసాయ భూమిగానే ఉంటుంది, దానికి లేఅవుట్ అనుమతి ఉండదు, రేపు ఇల్లు కట్టుకుంటానంటే మున్సిపాలిటీ ఒప్పుకోదు. తక్కువకు వస్తోందని చిన్న ఉద్యోగులు వీటిలో పొదుపంతా పోస్తున్నారు. వెంచర్ల జోరు తగ్గినప్పుడు వీటిని తిరిగి అమ్ముదామంటే అడిగేవాడు ఉండడు.

మానుకోట: కొంత నేల అమ్మకానికి లేని జిల్లా

మహబూబాబాద్‌ను చుట్టుపక్కలవాళ్లు ఇప్పటికీ మానుకోట అనే పిలుస్తారు. కాజీపేట-విజయవాడ మార్గంలో ఉన్న ఈ రైల్వే పట్టణం చుట్టూ లంబాడా తండాలు, కోయ గూడేలు. జిల్లా జనాభాలో మూడోవంతుకు పైగా గిరిజనులే. కొత్తగూడ, గంగారం, బయ్యారం లాంటి చోట్ల 1/70 చట్టం అమల్లో ఉంది. 1959 నాటి భూబదిలీ నిబంధనను 1970లో సవరించి, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కట్టడి చేశారు. ఆ చట్టం ఉండబట్టే అడవి అంచున ఆదివాసీకి ఇంకా నేల మిగిలింది. దాన్ని సడలించాలని అప్పుడప్పుడూ వినిపించే మాటను ఏమాత్రం ఒప్పుకోకూడదని నా అభిప్రాయం.

దాని ప్రభావం పట్టణం మీద ఎలా పడుతోందో మాత్రం చూడాలి. ఏజెన్సీలో కొనడానికి వీల్లేని వ్యాపారి, ఉద్యోగి డబ్బంతా మైదాన ప్రాంతమైన మానుకోట, కేసముద్రం, తొర్రూరు వైపు మళ్లుతుంది. తండాల నుంచి పిల్లల చదువు కోసం పట్టణానికి దిగే కుటుంబాలూ ఇక్కడికే వస్తాయి. 2018లో తండాలు గ్రామపంచాయతీలయ్యాయి, రోడ్లు పడ్డాయి. మంచి బడి, ఇంటర్ కాలేజీ, కోచింగ్ మాత్రం పట్టణంలోనే ఉన్నాయి. అందుకే తల్లి పిల్లలతో పట్టణంలో ఒక గది కిరాయికి తీసుకుంటుంది, తండ్రి తండాలో చేను చూసుకుంటాడు. ఒక కుటుంబం రెండు పొయ్యిల ఖర్చు భరిస్తుంది. ఇళ్ల లెక్కల్లో ఈ గదులు ఎక్కడా కనపడవు. రేకుల కప్పు, ఉమ్మడి బాత్రూం, ఎండాకాలం నీళ్లకు ట్యాంకర్. మెడికల్ కాలేజీ వచ్చాక విద్యార్థులు, హౌస్‌సర్జన్లు, నర్సులు కూడా అవే గల్లీల్లో గదులు వెతకడం మొదలుపెట్టేసరికి కిరాయిలు ఇంకాస్త ఎగబాకాయి.

మానుకోట మార్కెట్‌ది మిర్చి నాడి. మిర్చికి ధర బాగున్న ఏడు రైతులు పట్టణంలో ప్లాట్లకు బయానాలు ఇస్తారు. ధర పడిపోయిన ఏడు ఆ బయానాలు మునిగిపోతాయి, లేదా కొన్న ప్లాటునే వడ్డీ వ్యాపారికి రాసిస్తారు. పంట మీద వచ్చిన నష్టం జాగ మీదికి పాకుతుంది.

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలు ఇంకో నిజాన్ని బయటపెట్టాయి. కేసముద్రం-ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. ఆకేరు పొంగి తండాలు మునిగాయి. చెరువు శిఖంలో, వాగు అంచున, నాలా గట్టున జాగ చవకగా దొరుకుతుంది. అక్కడ కట్టుకున్నవాడు అమాయకుడనో, ఆశపోతనో అనుకోవడం అన్యాయం. గట్టి నేల కొనలేకే అక్కడికి పోయాడు. నీళ్లు ఇంట్లోకొస్తే ఆక్రమణదారు అని నోటీసు ఇస్తారు. ఆ జాగను ప్లాట్లు చేసి అమ్మినవాడికి నోటీసు రాదు.

కొనలేనివాళ్లు ఇంకో దారి కూడా తొక్కారు. 2022లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో ప్రభుత్వ భూముల్లో గుడిసెలు వేసే పోరాటాలు కమ్యూనిస్టు పార్టీల నాయకత్వంలో జోరుగా సాగాయి. మానుకోట కూడా అందులో ఉంది. పోలీసులు వచ్చారు, గుడిసెలు పీకేశారు, మళ్లీ వేశారు. ప్రభుత్వ భూమిలో ఏళ్లుగా ఉంటున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరించే జీవో 58 ఉంది. 2014 డిసెంబరు చివర్లో తెచ్చిన ఈ ఉత్తర్వుకు మొదట గడువు తేదీ 2014 జూన్ 2 కాగా, తర్వాత దాన్ని 2020 జూన్ 2 దాకా జరిపారు. ఆ తేదీ తర్వాత జాగ ధర పెరిగి, గుడిసెలోకి మారినవాడికి ఆ ఉత్తర్వు కిందా చోటు లేదు.

బొగ్గు మీద లేచిన ఊరు

భూపాలపల్లికి రైలు లేదు. హన్మకొండ నుంచి బస్సులో రెండు గంటల దారి. ఊరు పెరిగింది సింగరేణి గనులతో. ఆ తర్వాత చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600 మెగావాట్లది మరొకటి. 2011 జనాభా లెక్కల నాటికి భూపాలపల్లిలో 42 వేల మంది ఉన్నారు. అప్పుడు 52 వేలు దాటిన జనగామ కన్నా చిన్న ఊరు. అయినా ఇక్కడి ఇంటి మార్కెట్‌లో మిగతా రెండు చోట్లా లేని ఒక ప్రత్యేకత ఉంది. ఒకే గనిలో, ఒకే షిఫ్టులో దిగే ఇద్దరు కార్మికులు రెండు వేర్వేరు మార్కెట్లలో బతుకుతారు.

పర్మినెంట్ కార్మికుడికి కంపెనీ క్వార్టర్ ఉంటుంది, కరెంటు, నీళ్లు ఉంటాయి. ఇటీవలి ఏళ్లలో మంజూర్‌నగర్ వైపు కంపెనీ కొత్తగా పెద్ద సంఖ్యలో క్వార్టర్లు కట్టింది. సొంత ఇల్లు కట్టుకుంటే పది లక్షల గృహరుణం మీద వడ్డీ కంపెనీ భరించే పథకమూ ఉంది. దసరాకు ముందు లాభాల వాటా వస్తుంది. 2024లో ఆ వాటా కింద 796 కోట్లు పంచారు, సగటున ఒక్కొక్కరికి లక్షా తొంభై వేలు. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికులకు మొట్టమొదటిసారి బోనస్ ఇచ్చారు, ఐదు వేల రూపాయలు. లక్షా తొంభై వేలు చేతికొచ్చిన ఇల్లు ప్లాటుకు బయానా ఇస్తుంది. ఐదు వేలు వచ్చిన ఇల్లు కిరాయి బాకీ తీరుస్తుంది. దసరా వచ్చేసరికి బ్రోకర్లు ఎవరి గుమ్మం తొక్కుతారో చెప్పనక్కర్లేదు.

పర్మినెంట్ కార్మికుడికీ రిటైరైన నాడు క్వార్టర్ ఖాళీ చేయక తప్పదు. గని తప్ప వేరే జీవనాధారం లేని ఊళ్లో ఇల్లు కట్టి ఏం చేయాలని చాలామంది హన్మకొండకో, కరీంనగర్‌కో పోతారు. ముప్పై ఏళ్లు ఈ నేల కింద కష్టపడి సంపాదించిన సొమ్ము ఇంకో ఊరి గోడలవుతుంది. ఓపెన్‌కాస్టు విస్తరణ కోసం ఊరూ చేనూ వదిలినవాళ్లు మాత్రం పరిహారం మూట పట్టుకుని పట్టణంలోనే జాగ వెతుకుతారు. అందరూ ఒకేసారి వెతికితే రేటు పెరుగుతుంది. పరిహారం లెక్కగట్టిన నాటి ధరకు, జాగ కొనబోయే నాటి ధరకు మధ్య తేడా వాళ్ల నెత్తిన పడుతుంది.

2019 ఫిబ్రవరి 17న ములుగు వేరే జిల్లాగా విడిపోయింది. మేడారం, ఏటూరునాగారం అటు పోయాయి, భూపాలపల్లి జిల్లా కుదించుకుపోయింది. ఉద్యోగుల్లో చాలామంది హన్మకొండలోనే కాపురముండి రోజూ వచ్చిపోతారు.  పిల్లల చదువుకు హన్మకొండే మేలని వాళ్ల లెక్క. అలా జిల్లా కేంద్రమని చెప్పి పెంచిన ప్లాట్ల ధర నిలిచే ఉంది, ఆ జిల్లా నడిపేవాళ్లు మాత్రం సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతున్నారు.

భూపాలపల్లి వాళ్లను బాధించే ఇంకో మాట ఇసుక గురించి. మహదేవపూర్, కాటారం వైపు గోదావరి ఇసుక రాత్రింబవళ్లు లారీల్లో హైదరాబాద్ పోతుంది. ఆ లారీలు తొక్కిన రోడ్ల పక్కన ఇల్లు మొదలుపెట్టినవాడు ట్రాక్టర్ ఇసుక కోసం పైరవీ చేయాల్సి వస్తుంది. ఇందిరమ్మ లబ్ధిదారులకు ఉచిత ఇసుక ప్రకటించారు, మంచిదే. ఆ ఉచితం ట్రాక్టర్ కిరాయి దగ్గర ఆగిపోకుండా చూడాలి.

గని మీద ఆధారపడిన ఊరికి రేపేమవుతుందో తెలియాలంటే దూరం పోనక్కర్లేదు. మానుకోట పక్కనే ఇల్లందు ఉంది. బొగ్గుట్ట అని పిలిచే ఆ ఊళ్లోనే 1889 ప్రాంతంలో తవ్వకాలు మొదలయ్యాయి. గనులు తగ్గాయి, ప్రధాన కార్యాలయం కొత్తగూడెం పోయింది, ఊరి వైభవం తగ్గింది. అక్కడ జాగ చవకే, అయినా పని లేని చోట చవక జాగ ఎవరికి కావాలి?

సముద్రం ఒడ్డున ఇదే గొడవ

ఇల్లు అందని కష్టం, పని లేని కష్టం మన దగ్గరే కాదు, ఇంగ్లండు సముద్రతీర పట్టణాల్లోనూ పక్కపక్కనే కనిపిస్తాయి. కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ అందమైన బెస్త ఊరు. లండన్ డబ్బున్నవాళ్లు సెలవుల కోసం ఇళ్లు కొని ఏడాదిలో ఎక్కువ కాలం తాళాలు వేసి పెట్టేసరికి, అక్కడి హోటళ్లలో పనిచేసే కుర్రాళ్లకు కిరాయి ఇల్లు కూడా కరువైంది. 2016 మే నెలలో ఊరివాళ్లు ఓటేసి, కొత్తగా కట్టే ఇళ్లు అక్కడ శాశ్వతంగా ఉండేవాళ్లకే అమ్మాలని తీర్మానించారు. నూటికి ఎనభై మందికి పైగా అవునన్నారు. 2022లో విట్‌బీ అనే మరో తీర పట్టణ ప్రజలు అలాంటి ఓటులో నూటికి తొంభై మందికి పైగా అదే కోరారు. 2025 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులో స్థానిక మండళ్లు రెండో ఇంటి మీద పన్నును రెట్టింపు చేయవచ్చు. అదే దేశంలో జేవిక్ అనే తీర గ్రామం 2010, 2015, 2019 లెక్కల్లో దేశంలోకెల్లా వెనకబడిన చోటుగా తేలింది. అక్కడ ఇళ్లు చవక, పనీ లేదు, ఆరోగ్యమూ లేదు.

సెయింట్ ఐవ్స్ నిబంధనతో పని అయిపోలేదు. కొత్త ఇళ్లు కొనలేని బయటివాళ్లు పాత ఇళ్ల మీద పడ్డారని తర్వాత విమర్శలొచ్చాయి. అయినా ఆ ఊరు అడిగిన ప్రశ్న మనమూ అడగాలి: ఒక ఊళ్లో ఉన్న నేల మీద మొదటి హక్కు అక్కడ బతికేవాళ్లకా, అక్కడ డబ్బు దాచుకునేవాళ్లకా? మన దగ్గర తాళం వేసిన ఇళ్లకు బదులు హద్దురాళ్లు నాటిన ఖాళీ ప్లాట్లు ఉన్నాయి. తుమ్మ చెట్లు మొలిచిన ఆ వెంచర్లకు మున్సిపాలిటీ రోడ్డు వేస్తుంది, నీళ్ల పైపు లాగుతుంది, వీధిదీపం పెడుతుంది. ఆ ఖర్చంతా ఊళ్లో ఇంటిపన్ను కట్టేవాళ్లది.

ఎవరి వల్ల పెరిగిందో వాళ్లే సర్దాలి

ఈ పట్టణాల్లో నేల ధర పెరగడానికి ప్లాటు కొన్నవాళ్లు చేసిన కృషి ఏమీ లేదు. ప్రభుత్వం జిల్లా ఇచ్చింది, కలెక్టరేట్ కట్టింది, కాలేజీ పెట్టింది, రోడ్డు వెడల్పు చేసింది. ప్రజల డబ్బుతో పెరిగిన ధర కాబట్టి అందులో ప్రజలకు వాటా రావాలి. ఖాళీ స్థలాల పన్ను మన మున్సిపల్ చట్టంలో ఇప్పటికే ఉంది. దాన్ని గట్టిగా వసూలు చేసి, ఐదేళ్లు దాటినా ఇల్లు కట్టని ప్లాట్ల మీద ఏటేటా పెంచాలి. ఆ డబ్బుతో ఎల్-2 జాబితాలోని కుటుంబాల కోసం డెబ్బై ఐదు గజాల చొప్పున జాగలు కొనాలి. ఇళ్ల అనుమతుల చట్టం టీఎస్-బీపాస్ కింద డెబ్బై ఐదు గజాల లోపు ఇంటికి అనుమతి కూడా అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. అంటే చట్టం చిన్న జాగకు సిద్ధంగానే ఉంది, జాగే లేదు.

డబుల్ బెడ్రూం పథకాన్ని ఎన్నో కారణాలతో విమర్శించవచ్చు. 2015 నుంచి ఆశ పెట్టి, ఇచ్చినవి కొన్నే. అయినా 560 చదరపు అడుగుల ఆ ఇంటితో పాటు కింది నేలనూ ప్రభుత్వమే ఇచ్చింది. జాగ లేని మనిషికి అది సరైన ఆలోచన. ఇందిరమ్మ పథకం ఎక్కువమందికి చేరుతుంది, నియోజకవర్గానికి 3,500 ఇళ్లు తక్కువ సంఖ్యేం కాదు. కానీ అది జాగ ఉన్నవాడి పథకం. రెండింటిలోని మంచిని కలపకుండా ఈ మూడు పట్టణాల్లో ఇంటి సమస్య తీరదన్నది నా గట్టి నమ్మకం.

అనుమతి లేని ప్లాట్ల సంగతీ తేల్చాలి. 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్) ప్రకటిస్తే రాష్ట్రమంతటా పాతిక లక్షల మంది వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు చేశారు. ఏళ్లు గడిచాయి. 2025లో పాతిక శాతం రాయితీ ఇచ్చినా చాలామంది ముందుకు రాలేదు. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలని పాపానికి ప్లాటు విలువలో 14 శాతం కొన్నవాడు కట్టాలట. ఆ ఖాళీ స్థలాన్ని కూడా ప్లాట్లు చేసి అమ్ముకున్న వెంచర్ యజమాని మీద ఒక్క పైసా పడదు. ఈ భారం అమ్మినవాడి మీదికి మళ్లాలి.

కొనబోయే పాఠకులకు కొన్ని మాటలు. హోర్డింగు మీద జిల్లా పేరు, హైవే పేరు చూసి బయానా ఇవ్వకండి. నాగపూర్-విజయవాడ కొత్త రహదారి భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల మీదుగా పోతోంది. హైవే పక్కనే అని అమ్మే ప్లాటు నుంచి ఆ రహదారి మీదికి ఎక్కే వీలుండదు, నిర్ణీత కూడళ్ల దగ్గరే దారి ఉంటుంది. లేఅవుట్ పర్మిషన్ నంబరు అడగండి. నాలా మార్పిడి జరిగిందో లేదో చూడండి. ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. సర్వే నంబరు నిషేధిత జాబితాలో, చెరువు శిఖంలో లేదని తహసీల్ ఆఫీసులో తెలుసుకోండి. సాదా కాగితం మీద ఒప్పందానికి ఒప్పుకోకండి.

మూడు జిల్లాల కలెక్టర్లకు, మున్సిపల్ పాలకవర్గాలకు, శాసనసభ్యులకు ఒక విన్నపం. ఎల్-2 జాబితాను వార్డుల వారీగా గోడ మీద అంటించండి. పట్టణ హద్దుల్లో మిగిలిన ప్రభుత్వ భూమి ఎంతుందో, అది ఎవరి అధీనంలో ఉందో సర్వే నంబర్లతో పక్కనే అంటించండి. ఆ భూమిలో మరో ఆఫీసు కట్టేముందు జాగ లేని ఆ కుటుంబాలకు చోటు కేటాయించండి.